చెరపని స్పూలు

పాత మాగ్నెటిక్ ఫిల్ము డబ్బా మూత తీయగానే గుప్పున వెనిగర్ వాసన కొడుతుంది. ఆ ఫిల్ముకు వాడిన అసిటేట్ పదార్థం గాలిలోని తేమతో ఏళ్ల తరబడి విడిపోతూ ఎసిటిక్ ఆమ్లం వదులుతుంది. సముద్రం పక్కనున్న మద్రాసులాంటి ఊళ్లో అది ఇంకా తొందరగా మొదలవుతుంది. ముందు వాసన, తర్వాత ఫిల్ము కురచబడటం, ఆ తర్వాత అంచుల్లో చిల్లులు యంత్రం పళ్లకు అందకపోవడం. అలాంటి ఒక్క డబ్బాను బీరువాలో ఉంచితే పక్కనున్న వాటికీ అంటుకుంటుంది. మద్రాసులో కోడంబాకం, వడపళని, సాలిగ్రామం రికార్డింగ్ థియేటర్ల చుట్టూ తిరిగినవాళ్లకు ఈ వాసన బాగా తెలుసు. ఏటా సెప్టెంబరు 25, గాయకుడు ఎస్.పి. బాలసుబ్రహ్మణ్యంగారి వర్ధంతి, దగ్గరపడి, ఎక్కడ చూసినా బాలుగారి పాటలే మోగుతుంటే, మాకు ముందు గుర్తొచ్చేది ఆ బీరువాలే.

నిజానికి చాలా పాటలు ఆ వాసన వచ్చేదాకా కూడా బతకలేదు. 1960లలో టేపు చాలా ఖరీదు, దిగుమతి సరుకు. పాట సినిమా సౌండ్ నెగటివ్ (శబ్దం అచ్చయ్యే ఫిల్ము) మీదికి ఎక్కాక, గ్రామఫోన్ కంపెనీకి ప్రతి వెళ్లాక, ఆ టేపు చుట్టను, అంటే స్పూలును, చెరిపేసి మళ్లీ వాడుకునేవారు. చెరపడానికీ ఒక పద్ధతి ఉండేది. విద్యుత్తు పారే పెద్ద తీగచుట్ట మీద స్పూలును పెట్టి, మెల్లగా గుండ్రంగా తిప్పి, మెల్లగానే చెయ్యిచాచి దూరం జరిపి, అప్పుడు స్విచ్ ఆపాలి. తొందరపడి స్పూలు దాని మీద ఉండగానే ఆపేస్తే టేపు మీద 'దబ్ దబ్' మని ఒక చప్పుడు మిగిలిపోయేది. తర్వాత రికార్డయ్యే పాట నిశ్శబ్దాల్లో అది వినబడేది. ఇలా ఎందరి గొంతులు, ఎన్ని టేకులు పోయాయో లెక్కలేదు.

అలా పోవాల్సిన ఒక స్పూలును సంగీత దర్శకుడు కోదండపాణిగారు ఆపించారు. దాని సంగతికి కాసేపట్లో వస్తాను. ముందు నెల్లూరు.

* * *

బాలుగారు పుట్టింది 1946 జూన్ 4న, కోనేటమ్మపేటలో. ఆ ఊరు ఇప్పుడు తమిళనాడులో ఉంది. పెరిగిన వాతావరణం మాత్రం నెల్లూరు తిప్పరాజువారి వీధిది. తండ్రి సాంబమూర్తిగారు హరికథకులు. తల్లి శకుంతలమ్మగారు. ఆ వీధిలోని ఇంటినే బాలుగారు చివరి ఏడాది కంచి పీఠానికి వేదపాఠశాల కోసం ఇచ్చేశారు.

హరికథకుడి ఇంట్లో పెరగడం అంటే ఏమిటో ఇప్పటివాళ్లకు కాస్త చెప్పాలి. పట్టుపంచె, మెడలో దండ, కాళ్లకు గజ్జెలు, చేతిలో చిడతలు. పక్కన హార్మోనియం, ఫిడేలు, మృదంగం. ఉత్సవాల్లో రాత్రి భోజనాలయ్యాక మొదలైతే అర్ధరాత్రి దాటేది. ఒక్క మనిషే రాముడు, రావణుడు, శూర్పణఖ. పద్యం నుంచి వచనంలోకి, వచనం నుంచి కీర్తనలోకి, మధ్యలో జనం కునుకు తీస్తుంటే పిట్టకథలోకి దిగాలి. మైకు ఉన్నా లేకపోయినా చివరి వరసలో చాప మీద కూర్చున్న ముసలమ్మకు ప్రతి అక్షరం అందాలి. అందకపోతే ఆవిడ లేచి వెళ్లిపోతుంది. ఆ వెళ్లడం కథకుడికి కనబడుతుంది.

బాలుగారి గురించి 'శాస్త్రీయ సంగీతం నేర్చుకోలేదు' అని తరచూ అంటుంటారు. పద్ధతిగా గురువు దగ్గర సరళీస్వరాల నుంచి నేర్చుకోలేదన్నది నిజమే. ఆయనే చెప్పుకునేవారు. కానీ ఒక గొంతు ఎన్ని పాత్రలుగా మారొచ్చో, మాట ఎక్కడ విరిస్తే జనానికి అర్థమవుతుందో, ఊపిరి ఎక్కడ దొంగిలించాలో పొద్దస్తమానం చూసిన పిల్లవాడు ఏమీ నేర్చుకోలేదనడం నాకు ఎప్పుడూ మింగుడుపడలేదు. తర్వాత సినిమాల్లో ఆయన చేసిందంతా అదే కదా. హార్మోనియం, వేణువు తనంతట తానే పట్టుకున్నారు. ఇంట్లో వాయిద్యం ఉంటే పిల్లల వేళ్లు ఊరుకోవు.

* * *

నగరిలో మేనమామ ఇంట్లో కొంత చదువు, ఆ తర్వాత శ్రీకాళహస్తి బోర్డు స్కూలు. అక్కడి ఉపాధ్యాయుడొకరి దగ్గర టేప్ రికార్డరు ఉండేది. ఆ రోజుల్లో అది మామూలు విషయం కాదు. స్కూల్లో రేడియో ఉంటేనే గొప్ప.

వాల్వుల (ట్రాన్సిస్టర్లకు ముందు వాడిన గాజు గొట్టాల) టేప్ రికార్డరు చాలా బరువు. స్విచ్ వేశాక అర నిమిషం ఆగాలి, వాల్వులు వేడెక్కాలి. ముందు పలకలో 'మ్యాజిక్ ఐ' అనే చిన్న ఆకుపచ్చ దీపం ఉండేది. గొంతు పెద్దదైతే ఆ వెలుగు రెక్కలు దగ్గరకు వచ్చేవి. రెండూ ఒకదాన్నొకటి తాకాయంటే శబ్దం పగిలినట్టే. కొత్తవాళ్లు పాడితే పల్లవిలో రెక్కలు అందవు, పై స్థాయిలో కలిసిపోతాయి. అందుకే మైకు పట్టుకున్న మాస్టారు పాట మధ్యలో పిల్లవాణ్ణి భుజం పట్టి వెనక్కి లాగుతూ, ముందుకు తోస్తూ ఉండేవారు.

అక్కడ బాలు పాడింది 'చెంచులక్ష్మి'లో సుశీలగారి పాట. ఇంకా మగగొంతు రాని పిల్లవాడు, ఆడవారి శృతిలో. ఆ స్పూలును తిప్పి వినిపించినప్పుడు మాస్టార్లకు కలిగిన ఆశ్చర్యం సంగతి అలా ఉంచండి. తన గొంతు బయటినుంచి ఎలా వినబడుతుందో పదమూడు, పద్నాలుగేళ్లప్పుడే ఒక పిల్లవాడికి తెలియడం, అదీ 1950ల చివర, చాలా అరుదైన చదువు. మనకు మన గొంతు లోపల ఎముకల గుండా బరువుగా వినబడుతుంది. టేపులో అది పలచగా, పరాయిగా ఉంటుంది. చాలామంది గాయకులు మొదటిసారి అది వినేది సినిమా రికార్డింగ్ థియేటర్లో, వాద్యబృందం ముందు. బెంబేలెత్తిపోయేదీ అప్పుడే. బాలుగారు ఆ గండం బడిలోనే దాటేశారు. ఆ స్కూల్లోనే నాటకాల్లో వేషాలు కూడా వేశారు. తిరుపతిలో పి.యు.సి. (డిగ్రీకి ముందు చదువు) చదివేటప్పుడు మద్రాసు రేడియో నాటికలో ఆడ పాత్రకు గొంతిచ్చారు.

తర్వాత అనంతపురంలో ఇంజనీరింగ్. అక్కడ టైఫాయిడ్ వచ్చి చదువు ఆగింది. మద్రాసులో ఇంజనీరింగ్ డిగ్రీకి సమానమైన ఏ.ఎం.ఐ.ఇ.లో చేరారు. ఇంజనీరై ప్రభుత్వ ఉద్యోగం చేయాలన్నదే అప్పటి లెక్క.

* * *

పాటల పోటీలు ఇప్పుడు టీవీలో చూస్తున్నవాళ్లకు ఆనాటి పోటీలు వింతగా ఉంటాయి. ఒక హాలు, పైన ఫ్యాన్లు, ఒక హార్మోనియం, ఒక తబలా. పేరు పిలవగానే వెళ్లి హార్మోనియం ఆయన చెవిలో 'ఒకటిన్నర' అనో 'రెండు' అనో శృతి చెప్పాలి. కంగారులో అరమెట్టు ఎక్కువ చెప్పినవాడు చరణంలో చిక్కుకునేవాడు. రిహార్సల్ లేదు. తబలా ఆయనకు పాట తెలియకపోతే చేత్తో తాళం చూపించుకుంటూ పాడుకోవాలి.

గూడూరులో జరిగిన పోటీకి ఎస్. జానకిగారు అతిథిగా వెళ్లారు. మొదటి బహుమతి రావాల్సింది ఈ అబ్బాయికని ఆవిడ అక్కడే చెప్పారు. సినిమాల్లో ప్రయత్నించమన్నారు. బాలుగారు ఆ మాటను చివరిదాకా వేదికలెక్కి చెప్పుకున్నారు.

మద్రాసు పోటీ ఇంకా పెద్దది. న్యాయనిర్ణేతల్లో ఘంటసాల ఉన్నారు, సంగీత దర్శకుడు పెండ్యాల ఉన్నారు. ఘంటసాల ఎదురుగా కూర్చుంటే ఘంటసాల పాట పాడాలని ఎవరికైనా అనిపిస్తుంది. అక్కడే దెబ్బతింటారు. ఎంత బాగా పాడినా పక్కన అసలు పాట చెవిలో మోగుతూనే ఉంటుంది, అదీ పాడినాయన చెవిలోనే. బాలుగారు తాను రాసుకుని, తానే వరస కట్టుకున్న 'రాగమో అనురాగమో' పాడారు. పోల్చడానికి ఎవరికీ ఏమీ లేదు. తెలిసి చేశారో తెలియక చేశారో గానీ అంత తెలివైన ఎంపిక ఇంకొకటి ఉండదు. మొదటి బహుమతి వచ్చింది.

ప్రేక్షకుల్లో సంగీత దర్శకుడు ఎస్.పి. కోదండపాణి ఉన్నారు. పిలిచి మెచ్చుకున్నారు, అవకాశం ఇస్తానన్నారు. వెంటనే ఇవ్వలేదు. ఇంకా లేత గొంతు, కొంచెం ఆగాలన్నారు. ఇందులో సంగతుంది. పద్దెనిమిది, పంతొమ్మిదేళ్ల కుర్రవాడి గొంతు కుదురుకుని ఉండదు. కింది స్థాయి నిండుగా ఉంటుంది, పైకి వెళ్తే పలచబడి జారుతుంది. మామూలు సభలో ఆ జారుడు ఎవరూ పట్టించుకోరు. కండెన్సర్ మైకు మాత్రం దాన్ని భూతద్దంలో చూపిస్తుంది. అప్పటి పెద్ద హీరోలు నలభైకి అటూఇటూ ఉన్నవాళ్లు. వాళ్ల మీద ఈ గొంతు పెడితే కొడుకు పాడుతున్నట్టు ఉంటుంది. కోదండపాణిగారు ఆగమన్నది దయలేక కాదు. తొందరపడి పరిచయం చేసి, పాట పోయి, 'ఆ అబ్బాయి గొంతు ఆనదు' అన్న ముద్ర పడితే మద్రాసులో దాన్ని చెరపడం ఎవరి తరమూ కాదని ఆయనకు తెలుసు.

* * *

ఆ తర్వాత కొన్నేళ్లు కచేరీలు. బాలుగారికి ఒక లైట్ మ్యూజిక్ ట్రూపు ఉండేది. కొన్నాళ్లకు అందులో చేరి గిటారు, తర్వాత హార్మోనియం పట్టిన అబ్బాయి ఇళయరాజా. తాళవాద్యాల మీద అతని అన్న భాస్కర్, ఇంకో గిటారు మీద తమ్ముడు గంగై అమరన్. పెళ్లిళ్లు, కాలేజీ వార్షికోత్సవాలు, గుళ్లు, ఎక్కడ పిలిస్తే అక్కడ.

ఆనాటి ట్రూపు కచేరీ పాటకంటే ముందు సామాను పని. వాయిద్యాలన్నీ హార్మోనియానికే శృతి చేసుకోవాలి, ఎందుకంటే దాని రీడ్లను అప్పటికప్పుడు మార్చలేం. అకార్డియన్ ఉంటే ఇంకో తలనొప్పి. దాని శృతీ మారదు. రెంటికీ వెంట్రుకవాసి తేడా ఉంటే ఒకటి వాయిస్తున్నప్పుడు రెండోది ఊరుకోవాల్సిందే. బాంగో తోలు బీచి గాలికి సాయంత్రానికల్లా వదులైపోతుంది. చిత్తుకాగితం వెలిగించి, దాని సెగ మీద తిప్పితే బిగుస్తుంది. ఎక్కువ చూపిస్తే మొదటి పాటలో 'టంగ్' మని మోగి, మూడో పాటకు మళ్లీ దిగజారుతుంది. అందుకే ప్రోగ్రాంకు అరగంట ముందు కొంచెం, ఇంటర్వెల్లో కొంచెం.

మైకుది ఇంకో బాధ. పందిరి గుంజకు కట్టిన హారన్ మూతి వేదికవైపు తిరిగి ఉంటే కూత పెడుతుంది. వాల్యూం తగ్గిస్తే వెనకవాళ్లకు వినబడదు, పెంచితే కూత. దాన్ని సరిచేసే పద్ధతులు రెండే: హారన్‌ను పక్కకు తిప్పడం, గాయకుడు మైకుకు దగ్గరగా వచ్చి మెల్లగా పాడటం. గట్టిగా పాడే అలవాటున్నవాళ్లు ఈ రెండోది చేయలేరు. మెల్లగా పాడుతూ కూడా వినబడటం, మాట చెదరకపోవడం, ఇదో ప్రత్యేకమైన పని. కరెంటు పోతే బ్యాటరీ మీద యాంప్లిఫయరు నడిచేది. అదీ పోతే హరికథ గొంతే దిక్కు. ఒకే రాత్రి ఈ రెండు రకాలుగానూ పాడాల్సివచ్చిన గాయకుడికి తన గొంతును ఎంత పెంచాలో, ఎంత తగ్గించాలో చేత్తో కొలిచినంతగా తెలిసిపోతుంది.

* * *

1966 డిసెంబరు 15, మద్రాసులోని విజయా గార్డెన్స్ రికార్డింగ్ థియేటర్. పద్మనాభం నిర్మించిన 'శ్రీశ్రీశ్రీ మర్యాదరామన్న', కోదండపాణి సంగీతం, పాట 'ఏమి ఈ వింత మోహం'. సైకిల్ మీద వచ్చిన కుర్రాళ్లను గేటు దగ్గర వాచ్‌మన్ ఆపేశాడని, లోపలికి కబురు వెళ్లాకే వదిలాడని బాలుగారు నవ్వుతూ చెప్పేవారు. వాచ్‌మన్‌ను తప్పుపట్టలేం. గాయకులు కార్లలో దిగే కాలం అది.

పక్కన పాడేది ఎవరు? పి. సుశీల, పి.బి. శ్రీనివాస్, ఈలపాట రఘురామయ్య. ముగ్గురూ మహామహులు. నాలుగో గొంతు ఇరవై ఏళ్ల విద్యార్థిది.

అప్పటి రికార్డింగ్ ఎలా జరిగేదో చెబితే ఆ కుర్రవాడి మీద ఎంత బరువుందో అర్థమవుతుంది. అంతా మోనో, ఒకటే ట్రాకు. పాట, వయొలిన్లు, ఫ్లూటు, తబలా, డోలక్, అన్నీ ఒకేసారి, ఒకే టేపు మీద. తర్వాత గొంతు పెంచుదాం, తబలా తగ్గిద్దాం అనడానికి వీల్లేదు. పొద్దున సంగీత దర్శకుడి సహాయకుడు వాద్యబృందానికి నొటేషన్లు పంచేవాడు. గంట, రెండు గంటలు పాట మధ్యలో వచ్చే వాద్యసంగీతం (బీజీఎం) ముక్కలు విడివిడిగా, తర్వాత కలిపి. ఆ తర్వాత సౌండ్ ఇంజనీరు పని మొదలయ్యేది. ఆయనకున్న నాలుగైదు మైకులతో ఇరవై, ముప్పై మందిని పట్టాలి. అందుకే బ్యాలెన్స్ చాలావరకు కుర్చీలు జరపడం మీదే. తబలా నాలుగడుగులు వెనక్కి, ఫ్లూటు మైకు పక్కకి, వయొలిన్ల వరస ఇంకాస్త ఎడంగా. నేల మీద సుద్దముక్కతో గీత గీసి, కుర్చీ దాటకూడదనేవారు.

ఆపై గాయకులతో మానిటర్. అంటే టేపు ఎక్కించకుండా పాట మొత్తం ఒకసారి పాడించి, ఇంజనీరు గదిలో వినడం. అక్కడ పట్టుబడేవి చిన్నచిన్నవే. 'ప', 'బ', 'భ' దగ్గర మైకులోకి గాలి కొట్టి 'బుస్' మనడం. దానికి మందు, మూతిని మైకుకు ఎదురుగా కాక కొంచెం పక్కకు పెట్టడం. 'స', 'శ' ఈల వేయడం. దగ్గరికొస్తే గొంతు బరువెక్కడం, దూరం జరిగితే పలచబడటం. పై స్థాయికి వెళ్లేముందు అడుగు వెనక్కి వేయాలి, స్వరం అందుకున్నాక కాదు. కాగితం తిప్పిన చప్పుడు, గాజుల చప్పుడు, పొడి దగ్గు, అన్నీ పాటలోకి వస్తాయి. ఒకే మైకు ముందు ఇద్దరు ముగ్గురు పాడేటప్పుడు, తన వంతు అయినవాడు చప్పుడు కాకుండా పక్కకు తప్పుకోవాలి, వచ్చేవాడు ఊపిరి వినబడకుండా చేరాలి. ఆ అడుగులు కూడా రిహార్సల్లో భాగమే.

తర్వాత టేక్. మూడు, మూడున్నర నిమిషాలు. రెండో నిమిషంలో ఫిడేలు ఒకటి తప్పినా, ఆఖరి పల్లవిలో గొంతు వణికినా, మొదటినుంచి. మధ్యలో అతికించుకోవడం దాదాపు లేదు. బ్లేడుతో టేపును ఏటవాలుగా కోసి అతకడం వచ్చినవాళ్లు ఉండేవారు. కానీ రెండు టేకుల మధ్య వేగం కాస్త మారినా అతుకు చెవికి తెలిసిపోయేది. ఎక్కువ టేకులైతే వాద్యకారులు నోటితో ఏమీ అనరు. నిట్టూర్పు వినబడుతుంది, అంతే. కొత్త గాయకుడి కాళ్లు సగం చచ్చేది ఆ నిట్టూర్పుకే. తప్పు ఫిడేలుదైనా చూపు మాత్రం కొత్తవాడి మీదే పడేది.

బాలుగారు నిలబడ్డారు. పాట అయ్యింది. అప్పుడు కోదండపాణిగారు విజయా గార్డెన్స్ సౌండ్ ఇంజనీరు స్వామినాథన్‌గారితో ఒక మాట చెప్పారు. ఈ టేపు చెరపొద్దు, ఇక్కడికి వచ్చే సంగీత దర్శకులకు ఈ అబ్బాయి గొంతు వినిపించమని. స్వామినాథన్‌గారు దాన్ని దాచి, వచ్చినవాళ్లకు వినిపిస్తూ వచ్చారు. దాని విలువ లెక్కగట్టండి. సినిమా విడుదల కావాలి, పాట హిట్టవ్వాలి, గ్రామఫోన్ రికార్డు రావాలి, రేడియోలో పడాలి, అప్పుడు ఒక సంగీత దర్శకుడు వినాలి. అన్నీ కుదిరినా ఏడాది. ఈ స్పూలు ఆ దారంతా పక్కన పెట్టి, సరిగ్గా వినవలసిన చెవుల దగ్గరకే పాటను తీసుకెళ్లింది. పైగా అరిగిపోయిన రికార్డు కాదు, థియేటర్ స్పీకర్లో, అసలు టేపు. సంగీత దర్శకుడి దగ్గర ఆడిషన్ ఇస్తే హార్మోనియం ముందు గొంతు వినబడుతుంది. ఇక్కడ మైకులో, వాద్యబృందంలో, ముగ్గురు పెద్దల పక్కన ఆ గొంతు ఎలా కూర్చుందో వినబడింది. వాళ్లకు కావలసింది అదే. ప్రతిభ, అదృష్టం అని రెండు పేర్లే చెబుతుంటారు గానీ, బాలుగారి ఎదుగుదలలో ఒక ఇంజనీరు బీరువాకూ వాటా ఉంది.

* * *

ఆ వెంటనే కన్నడంలో ఎం. రంగారావు 'నక్కరె అదే స్వర్గ' సినిమాకు పాడించారు. తమిళంలో మొదటి పాట 'హోటల్ రంభ'కు ఎల్.ఆర్. ఈశ్వరితో, ఎం.ఎస్. విశ్వనాథన్ సంగీతం. ఆ సినిమా బయటికి రాలేదు. విశ్వనాథన్‌గారు గొంతు మెచ్చుకున్నారు గానీ తమిళ ఉచ్చారణ ఇంకా బాగుపడాలన్నారు.

తెలుగువాడికి తమిళంలో ఎక్కడ కాలుజారుతుందో నాలుగు ముక్కల్లో చెప్పొచ్చు. 'తమిళ్' అన్న మాట చివర నాలుక మడిచి పలికే అక్షరం మనకు లేదు. దాన్ని 'ళ' చేసేస్తాం. మాట చివర హల్లు వస్తే మన నోరు ఊరుకోదు, ఒక 'ఉ' తగిలిస్తుంది. ఇక రాతలో వచ్చే తిరకాసు వేరే. తమిళ లిపిలో 'క'కూ 'గ'కూ ఒకే అక్షరం. ఎక్కడ ఏది పలకాలో తమిళుడికి పుట్టుకతో తెలుస్తుంది, బయటివాడికి తెలియదు. పాటను ఎవరైనా చదువుతుంటే తెలుగు లిపిలో రాసుకుంటే ఆ చిక్కు తీరిపోతుంది. 'గ' వినబడితే 'గ' రాస్తాం. బాలుగారు ఏ భాష పాటైనా తన చేత్తోనే తెలుగులో రాసుకునేవారు. రాస్తున్నప్పుడే సగం పాట వచ్చేస్తుందని థియేటర్లలో అందరూ అనేమాట. రాసిన కాగితం మీద సాగదీతలు, విరుపులు గుర్తులు పెట్టుకుంటే మైకు ముందు బుర్రకు మిగిలే పని భావమొక్కటే.

1969లో తమిళంలో రెండు పాటలు ఒకదాని వెనక ఒకటి వచ్చాయి. 'శాంతి నిలయం'లో విశ్వనాథన్‌గారి పాట, 'అడిమై పెణ్'లో కె.వి. మహదేవన్‌గారి 'ఆయిరం నిలవే వా'. రెండోదానికి రిహార్సల్ అయ్యాక బాలుగారికి జ్వరం వచ్చి మంచానపడ్డారు. వేరే గాయకుడితో కానిచ్చేయడం సినిమావాళ్లకు రోజువారీ పని. ఎం.జి.ఆర్. మాత్రం ఆగారు. తనకు పాడుతున్నానని ఆ అబ్బాయి అందరికీ చెప్పుకునుంటాడు, ఇప్పుడు తప్పిస్తే అతని భవిష్యత్తు దెబ్బతింటుందన్నది ఆయన ఆలోచన. అదే ఏడాది మలయాళంలో జి. దేవరాజన్ 'కడల్‌పాలం'కు పాడించారు. మూడేళ్లలో నాలుగు భాషలు.

తెలుగులోనే నడక నెమ్మదిగా సాగింది. కారణం అందరికీ తెలిసిందే, ఘంటసాల. కోదండపాణి 'సుఖదుఃఖాలు'లో 'మేడంటే మేడా కాదు' ఇచ్చారు. 'మంచి మిత్రులు'లో ఘంటసాలతో కలిపి 'ఎన్నాళ్లో వేచిన ఉదయం' పాడించారు. 'ఏకవీర'లో 'ప్రతిరాత్రి వసంతరాత్రి' కూడా ఆ జంటదే. ఈ రెండూ వరసగా వినండి. పెద్దాయన గొంతుతో పోటీకి దిగకుండా, అలాగని దాక్కోకుండా, పక్కన తన కుర్చీ తాను వేసుకుని కూర్చున్న కుర్రవాడు వినబడతాడు. ఘంటసాలను అనుకరించడం ఆనాటి ప్రతి కొత్త గాయకుడూ చేసిన పని. ఆ పని చేయనందుకే బాలుగారికి మొదట్లో తక్కువ పాటలు వచ్చాయని నా నమ్మకం. చేసి ఉంటే 1974 తర్వాత అసలు మిగిలేవారు కాదు.

1974లోనే ఘంటసాలగారు పోయారు. కోదండపాణిగారూ అదే ఏడాది. తెలుగు సినిమా పాటంతా మర్నాటి నుంచి బాలుదే అయిపోయిందని ఇప్పుడు రాస్తుంటారు, అది తప్పు. అక్కినేని, శోభన్‌బాబు పాటలు చాలాకాలం వి. రామకృష్ణగారి దగ్గరకు వెళ్లాయి. బాలుగారు హాస్యనటులకు పాడారు, చిన్న హీరోలకు పాడారు. 1976లో 'మనుషులంతా ఒక్కటే'లో అల్లు రామలింగయ్యకు పాడిన పాట విన్నవాళ్లు, అల్లే పాడారా అని అడిగారు. హరికథ అరుగు అక్కడ పనికొచ్చింది. అదే రోజుల్లో 'మన్మథలీల' తెలుగు మాటల్లో కమల్‌హాసన్‌కు డబ్బింగ్ చెప్పారు. నటుడి పెదవి ఎప్పుడు విచ్చుకుంటుందో, మాట చివర గాలి ఎలా వదులుతాడో పట్టుకోవడం డబ్బింగ్ గదిలోనే బాగా వస్తుంది. 1977 'అడవిరాముడు' నాటికి ఎన్టీఆర్‌కు నోరు పూర్తిగా తెరిచి, ఛాతీ నుంచి పాడిన గొంతు, తర్వాత అక్కినేనికి వచ్చేసరికి కాస్త లోపలికి, ముక్కు దగ్గరకు జరిగేది. థియేటర్లో కళ్లు మూసుకున్నా తెరమీద ఎవరున్నారో తెలిసేది.

* * *

'శంకరాభరణం' సంగతి చాలామంది చాలాసార్లు చెప్పారు, కాబట్టి ఒక్క ముక్కే. కర్ణాటక బాణీలో పాడాలంటే బాలుగారు వెనకాడారు. మహదేవన్‌గారి సహాయకుడు పుహళేంది ధైర్యం చెప్పి, పాటల్ని దగ్గరుండి నేర్పారు. అప్పటికి స్పూలు పోయి క్యాసెట్ వచ్చింది. క్యాసెట్‌తో నేర్చుకోవడంలో సుఖం, వెనక్కి తిప్పి ఒకే గమకాన్ని ఎన్నిసార్లయినా వినొచ్చు. కష్టం, బ్యాటరీ తగ్గినా, టేపు సాగినా శృతి మారుతుంది. ఆ శృతే చెవికి అలవాటైతే థియేటర్లో తంబురా పక్కన ఇబ్బంది. అందుకే పక్కన శృతిపెట్టె పెట్టుకుని సరిచూసుకోవడం తప్పనిసరి. 1980లో సినిమా వచ్చింది. బాలుగారికి మొదటి జాతీయ అవార్డు తెచ్చింది. శాస్త్రీయం నేర్చుకోని గాయకుడికి అది దక్కడం కొందరు విద్వాంసులకు నచ్చలేదు. అది వాళ్ల బాధ.

మరుసటి ఏడాది 'ఏక్ దూజే కే లియే'. లక్ష్మీకాంత్-ప్యారేలాల్‌లకు ఈ దక్షిణాది గొంతు మీద మొదట నమ్మకం లేదు. హిందీ పలుకులో యాస తొంగిచూస్తుందన్నది అభ్యంతరం. దర్శకుడు బాలచందర్ పట్టుబట్టారు. కథలో హీరో హిందీ రాని తమిళ కుర్రవాడు. పాటలో కాస్త యాస వినబడితే పాత్రకు మంచిదేనని ఆయన వాదన. నెగ్గారు. రెండో జాతీయ అవార్డు ఆ పాటలకే వచ్చింది. 1989లో 'మైనే ప్యార్ కియా' వచ్చింది. అందులో సల్మాన్‌ఖాన్ వేసిన పాత్రకు మద్రాసుతో ఏ సంబంధమూ లేదు. అయినా గొంతు బాలుగారిదే.